కరకు నాదమునకు శిల్పి – కర్ట్ కోబేన్

సంగీతమనగానే నాదము తేనెవలె తియ్యగా నుండవలెననియు, శ్రుతి శుద్ధముగా నుండవలెననియు మనకు తోచును. త్యాగరాజస్వామి మొదలుకొని ద్వారం వేంకటస్వామినాయుడుగారి వరకు మన పెద్దలందరును సుస్వరమునే ఉపాసించిరి. అట్టి సంప్రదాయములో పెరిగిన చెవికి, పగిలిన కంచుపాత్రవలె గరగరలాడు ఎలక్ట్రిక్ గిటారు ధ్వని మొదట ముల్లువలె తగులుట సహజము. అయినను ఆ కరకు ధ్వనియే 1991వ సంవత్సరము మొదలుకొని ప్రపంచమందలి కోట్లకొలది యువకుల హృదయములను కదలించినది. నేటికిని మన ఇండ్లలోని పిల్లలు దానిని తమ గిటారులపై పలికింపవలెనని గంటల తరబడి ప్రయత్నించుచున్నారు.

కుతుబ్ మీనారునకు సమీపమున, ఐ.ఐ.టి.కిని నెహ్రూ విశ్వవిద్యాలయమునకును దాపుననున్న మన కటవారియా సరాయ్‌లో ఈ ధ్వని వినవచ్చుట వింత కాదు. ఇంజనీరింగు సర్వీసు పరీక్షకును గేటు పరీక్షకును చదువుకొనుటకై తెలుగునాటి నుండి ఎందరో యువకులు వచ్చి, ఇచ్చటి ఇరుకు మేడలలో అద్దెగదులు తీసికొనిరి. గోడకు గోడ తగులు ఈ సందులలో ఒక గదిలోని గిటారు మ్రోత పది ఇండ్లకు వినబడును. పెద్దలు విసుగుకొందురు, పిల్లలు తలుపు మూసికొందురు. ఆ ధ్వనిని లోకప్రసిద్ధము చేసిన మనుష్యుడెవరు, అతడు దానిని ఎట్లు సాధించెను, అతని జీవితము ఎట్లు ముగిసెను అను విషయములు ఇరువురును ఎరిగియుండుట మేలు. అందుచేతనే ప్రతి ఏట మన వాగ్గేయకారుల చరిత్రలు చదువుకొను ఈ సంచికలో ఒక పాశ్చాత్య వాద్యకారుని చరిత్రకు కొంత చోటు కల్పింపబడినది.

బాల్యము

కర్ట్ కోబేన్ 1967వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన అమెరికా దేశపు వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రములో, ఎబర్డీన్ అను చిన్న పట్టణమున జన్మించెను. అది కలప పట్టణము. చుట్టును దట్టమైన అడవులు, సంవత్సరములో అధికభాగము వాన, ముసురు. అడవి కొట్టుట, దుంగలను కోయుట అచ్చటి జనుల జీవనాధారము. కర్ట్ పెరుగుచున్న కాలమున ఆ పరిశ్రమ క్షీణించుచుండుటచేత ఊరిలో పనులు తగ్గి దిగులు పెరిగినది. తండ్రి డొనాల్డు మోటారు మెకానిక్కు. తల్లి వెండీ హోటలులో వడ్డన చేసి సంపాదించెడిది. సామాన్య సంసారము. కర్ట్ పసితనమున చురుకైనవాడు. పాడెడివాడు, బొమ్మలు గీచుటలో మిక్కిలి నేర్పరి.

1976వ సంవత్సరమున తల్లిదండ్రులు విడిపోయిరి. అప్పటికి బాలునికి తొమ్మిదేండ్లు. ఆ దెబ్బ నుండి అతని మనస్సు పూర్తిగా తేరుకొనలేదు. నవ్వుచు తిరిగిన పిల్లవాడు ముభావుడయ్యెను. కొంతకాలము తండ్రి వద్ద, కొంతకాలము తల్లి వద్ద, మరికొంతకాలము తాతగారి ఇంట, బంధువుల ఇండ్లలో, స్నేహితుల ఇండ్లలో గడపెను. ఏ ఇంటను స్థిరముగా ఒక చోటు లేకపోయినది.

అతని పదునాలుగవ జన్మదినమున బంధువొకడు సైకిలు కావలెనా, గిటారు కావలెనా అని అడుగగా కర్ట్ గిటారును కోరుకొనెను. అది పాతబడిన, చవకరకపు జపాను గిటారు. కొలది పాఠములు తప్ప అతనికి గురుముఖమున శిక్షణ లభింపలేదు. కర్ట్ ఎడమచేతి వాటముతో గిటారు వాయించెడివాడు. ఎడమచేతివారికై చేసిన గిటారులు దుకాణములలో అరుదు. దొరికినను వెల ఎక్కువ. కావున కుడిచేతి గిటారును తలక్రిందు చేసి తీగలను మరల బిగించుకొనుట, దొరికిన చవక వాద్యమును బాగుచేసికొని వాడుకొనుట అతనికి అలవాటయ్యెను. ఈ లేమియే తరువాత అతని నాదమునకు ఒక మూలకారణమైనది.

తల్లి సోదరియగు మేరీ సంగీతజ్ఞురాలు. ఆమె ఇంట ధ్వనిముద్రణ యంత్రముండెను. పదునైదేండ్ల వయస్సున కర్ట్ అచ్చటికి వెళ్లి, ఖాళీ సూట్‌కేసును కొయ్య గరిటెలతో మ్రోగించుచు, దానినే తాళవాద్యముగా చేసికొని తన మొదటి పాటలను ముద్రించుకొనెను. అదే ప్రాంతమువారైన మెల్విన్స్ అను బృందము అతనికి ఆదర్శమైనది. ఆ బృందపు నాయకుడు బజ్ ఆస్బోర్న్ అతనికి కొత్త సంగీతమును వినిపించి దారి చూపెను.

1985లో, ఉన్నత పాఠశాల ముగియుటకు కొలది దినములు మాత్రమే ఉండగా, కర్ట్ చదువు విడిచిపెట్టెను. జీవనమునకై తాను చదివిన పాఠశాలలోనే గదులూడ్చు పని కొంతకాలము చేసెను. తనతోడివారు పట్టాలు పుచ్చుకొని వెళ్లిన చోట చీపురు పట్టుకొనుట ఎట్టి అనుభవమో మనము ఊహించుకొనవచ్చును.

నిర్వాణ

ఎబర్డీన్‌లోనే క్రిస్ట్ నోవొసెలిక్ అను పొడగరి యువకుడు కర్ట్‌కు స్నేహితుడయ్యెను. అతని తల్లిదండ్రులు క్రొయేషియా నుండి వచ్చినవారు. ఇరువురును కలిసి 1987లో ఒక బృందమును ఏర్పరచిరి. కొన్ని పేర్లు మార్చి మార్చి, తుదకు నిర్వాణ అను పేరు స్థిరపరచుకొనిరి. అమరావతి, నాగార్జునకొండ స్తూపములను కన్న ఆంధ్రదేశమునకు ఈ పదము పరాయిది కాదు. బాధ నుండి విడివడి సంపూర్ణ శాంతిని పొందుట దాని అర్థమని ఎరిగియే కర్ట్ ఆ పేరును కోరుకొనెను. పేరున శాంతి, వాద్యమున ఘోష. అతని జీవితమంతయు ఈ రెంటి నడుమ నడచినది.

వారి మొదటి సంపుటము బ్లీచ్ 1989 జూన్‌లో సియాటిల్ నగరమందలి సబ్ పాప్ అను చిన్న సంస్థ ద్వారా వెలువడినది. జాక్ ఎండీనో అను ముద్రణ నిపుణుడు సుమారు 30 గంటలలో దానిని ముద్రించెను. మొత్తము వ్యయము 606 డాలర్ల 17 సెంట్లు. ఆ సొమ్ము కూడ వారి వద్ద లేదు, స్నేహితుడొకడు చెల్లించెను. సియాటిల్ ప్రాంతపు ఈ సంగీతమునకు లోకము గ్రంజ్ అను పేరు పెట్టినది. ఆ మాటకు మురికి, మడ్డి అని అర్థము. మెరుగులు దిద్దని ధ్వని, చిరిగిన దుస్తులు, ఆడంబరముపై ఏవగింపు ఆ సంగీతపు లక్షణములు.

కరకుదనము ఎట్లు పుట్టును?

ఇచ్చట కథను కొంత ఆపి, ఆ ధ్వని తత్త్వమును విచారింతము. గిటారు తీగ కంపించినప్పుడు దాని క్రిందనున్న అయస్కాంతపు చుట్టలో సన్నని విద్యుత్తరంగము పుట్టును. ఆ చుట్టను పికప్ అందురు. ఆ తరంగమును ఆంప్లిఫయరు పెద్దది చేయును. ప్రతి యంత్రమునకును ఒక మేర కలదు. ఆ మేర దాటి తరంగమును పెంచబోయినచో దాని శిఖరములు గొడ్డలితో నరికినట్లు చదునగును. గుండ్రని అల చదరపు అలగా మారును. దీనినే డిస్టార్షన్ అందురు. వికృతి అని మనము చెప్పుకొనవచ్చును.

శిఖరము తెగిన తరంగములో కొత్తగా ఉపస్వరములు పుట్టును. గిటారు అయిదవ తీగ సెకండునకు 110 పర్యాయములు కంపించును. శిఖరమును, లోయను సమానముగా తెగగొట్టినచో 330, 550, 770 ఇత్యాదిగా బేసి గుణిజములు బలపడును. 110ని షడ్జమముగా భావించిన యెడల 330 పై స్థాయి పంచమము, 550 దానికిని పైనున్న అంతర గాంధారము. కావున చెవికి రొదగా తోచు ఆ ధ్వని గర్భమున పంచమ గాంధారములు దాగియున్నవి. తంబురా మంద్రతీగలో స్వయంభూ గాంధారము వినవచ్చునని మన విద్వాంసులు చెప్పుదురు కదా! తంబురా గుర్రముపై తీగ క్రింద నూలుపోగు నుంచి, తీగ గుర్రమును కొంచెము కొంచెముగా తాకుచు జుమ్మనునట్లు చేసి, నాదమునకు జీవ తెప్పించుట మనమెరిగినదే. తీగ స్వేచ్ఛగా ఊగకుండ ఒక అడ్డు కల్పించి ఉపస్వరములను మేల్కొలుపుటయే ఆ రహస్యము. అచ్చట అడ్డు నూలుపోగు. ఇచ్చట అడ్డు యంత్రపు మేర. రెండును ఒక్క కుటుంబములోనివే.

మరియొక విశేషము కలదు. వికృతి పొందిన ధ్వనిలో రెండు స్వరములు కలిసినప్పుడు వాటి భేదమునకు సమానమైన మూడవ స్వరము పుట్టును. షడ్జమము 110, పంచమము 165 అయినచో భేదము 55. అది సరిగా క్రింది స్థాయి షడ్జమము. అందుచేత షడ్జమ పంచమములను జంటగా మీటిన ధ్వని గంభీరమై నిండుగా మ్రోగును. గాంధారమును చేర్చినచో భేదస్వరములు పొంతన లేక బురద కలిపినట్లగును. కర్ట్ తన పాటలలో అనేక పర్యాయములు షడ్జమ పంచమముల జంటనే వాడుటకు ఇది తగిన కారణము. శాస్త్రము చదివి కాదు, చెవితో విని అతడు దానిని కనుగొనెను.

ఈ వికృతి కర్ట్ సృష్టి కాదు. 1958లో లింక్ రే అను గిటారు వాద్యకారుడు స్పీకరు కాగితమునకు పెన్సిలుతో బెజ్జములు పొడిచి ధ్వనిని చీలికలు చేసెను. తరువాత నాష్‌విల్ నగరమున ఒక ముద్రణశాలలో యంత్రభాగము చెడి, పాటలోని వాద్యధ్వని గరగరలాడినది. శ్రోతలు మెచ్చుటచే ఆ దోషమునే అనుకరించు పెట్టె ఒకటి 1962లో అంగడికి వచ్చినది. ఆ విధముగా చెడిపోయిన యంత్రపు ధ్వని కోరి తెచ్చుకొను అలంకారమైనది.

చవక పనిముట్లు, నిశితమైన చెవి

కర్ట్ వాడిన పనిముట్లలో ముఖ్యమైనది జపాను దేశపు బాస్ సంస్థ 1978లో తెచ్చిన డి.ఎస్.-1 అను నారింజరంగు పెట్టె. దానిని నేలపై నుంచి కాలితో నొక్కవలెను. లోపల సిలికాన్ డయోడ్లు రెండు ఎదురెదురు దిశలలో ఉండును. తరంగము సుమారు 0.6 వోల్టులు దాటగానే అవి మార్గము తెరచి శిఖరములను కోసివేయును. ఇది మన ఇంజనీరింగు విద్యార్థులు మొదటి సంవత్సరములలోనే ప్రయోగశాలలో చేయు క్లిప్పరు సర్క్యూటు. దానికి మూడే మరలు: వికృతి పాలు, కాంతి పాలు, బిగ్గర పాలు. కొన్ని పాటలకు స్మాల్ క్లోన్ అను మరియొక పెట్టెను వాడెను. అది ధ్వనిని నీటి అలలలో కదలు చంద్రబింబము వలె వణకించును.

గిటారులు కూడ ఘనమైనవి కావు. యూనివాక్స్ హై-ఫ్లయర్ అను చవక అనుకరణ వాద్యము, ఫెండరు సంస్థవారి మస్టాంగు, జాగ్వారు మొదలగు నాటికి ఫ్యాషను తప్పిన వాద్యములు అతనికి ప్రీతిపాత్రములు. వేదికపై వాటిని విరుగగొట్టుట అతని దుడుకు అలవాటు. కావున వెలగలవి కొనుట వ్యర్థము. అయితే ఏ చుట్ట ఏ ధ్వని నిచ్చునో అతనికి బాగుగా తెలియును. ఒంటి చుట్ట పికప్ తీసివేసి, రొదను అణచి బలమైన సంకేతము నిచ్చు జంటచుట్టల పికప్‌ను వంతెన వైపున అమర్చుకొనెడివాడు.

1990 సెప్టెంబరులో డేవ్ గ్రోల్ అను డ్రమ్ముల వాద్యకారుడు చేరుటతో బృందము పూర్తియైనది. 1991 మే, జూన్ నెలలలో లాస్ ఏంజెలిస్ సమీపమందలి సౌండ్ సిటీ ముద్రణశాలలో, బుచ్ విగ్ నిర్వహణమున, నెవర్‌మైండ్ అను రెండవ సంపుటము ముద్రితమైనది. ఒకే వాద్యభాగమును రెండుమారులు వాయించి ఒకదానిపై ఒకటి చేర్చి ధ్వనిని దట్టము చేయుట విగ్ పద్ధతి. కర్ట్‌కు అది కృత్రిమమని తోచినను నచ్చచెప్పి చేయించెను. చరణమున మెల్లగా, పల్లవిలో ఒక్కమారుగా ఘోషగా మారు నిర్మాణమును కర్ట్ పిక్సీస్ అను బృందము నుండి గ్రహించెను. ఉరుము ముందటి నిశ్శబ్దము వంటిది ఆ మెల్లదనము. నిశ్శబ్దము లేనిచో ఉరుమునకు విలువ లేదు.

ఆ సంపుటము 1991 సెప్టెంబరు 24న వెలువడినది. ప్రచురించినవారు కూడ గొప్ప విక్రయమును ఊహింపలేదు. 1992 జనవరిలో అది మైకేల్ జాక్సన్ సంపుటమును త్రోసిరాజని అమెరికా విక్రయపట్టికలో ప్రథమస్థానమునకు ఎక్కినది. నేటికి లోకమున మూడుకోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయినది. గదులూడ్చిన యువకుడు ఇరువదియైదవ ఏట లోకప్రసిద్ధుడయ్యెను.

ఆ ధ్వనిని పలికింపగోరువారికి

నేడు ఈ నాదమును తమ గదిలో పలికింపగోరు యువకులకు కర్ట్ జీవితము నుండి లభించు మార్గము సులభమే. ముందుగా జంటచుట్టల పికప్ గల గిటారును తీసికొని వంతెన వైపు చుట్టను వాడవలెను. పెట్టెలోని వికృతి మరను మొదటనే కొసకు త్రిప్పుట తొలిదశలోని వారు చేయు తప్పు. అట్లు చేసిన స్వరములు ఒకదానిలో ఒకటి కలిసి ఈగల మూక వలె వినబడును. సగము కంటె కొంచెము ఎక్కువగా నుంచి, మిగిలిన బలమును చేతితో రాబట్టవలెను. ఆంప్లిఫయరు మాత్రము స్వచ్ఛమైన ధ్వనిలోనే ఉండనిండు.

తరువాత స్పీకరు సంగతి. పెట్టె నుండి వచ్చు తరంగమును నేరుగా కంప్యూటరులోనికి పంపి వినినచో గాజుపెంకులు గీచినట్లుండును. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్‌జ్‌లకు పైనున్న కీచుదనమును చాలవరకు మ్రింగివేయును. వినసొంపైన కరకుదనమునకు ఆ మ్రింగుట అత్యవసరము. ఇరుకు గదులలో పెద్ద స్పీకరు మ్రోగింప వీలుకాదు కావున, దాని గుణమును అనుకరించు సాఫ్ట్‌వేరు నుపయోగించి హెడ్‌ఫోను పెట్టుకొని వినవచ్చును. ఇరుగుపొరుగువారి నిద్ర చెడదు, చదువును సాగును. ముద్రించునప్పుడు అదే భాగమును రెండుమారులు వాయించి ఒకటి కుడి చెవికి, ఒకటి ఎడమ చెవికి పంపినచో దట్టదనము వచ్చును.

అన్నిటికంటె ముఖ్యము చేతి పని. ఘోషభాగమున మీటవలసిన తీగలను గట్టిగా మీటవలెను. మీటరాని తీగలను వ్రేలితో అణచవలెను. మెల్లని భాగమున నిజముగా మెల్లగా వాయింపవలెను. కాలు పెట్టెను నొక్కు క్షణము తాళమునకు సరిగా కుదురవలెను. మృదంగ విద్వాంసుడు తీర్మానమును సమమునకు తెచ్చునప్పుడు చూపు శ్రద్ధ ఇచ్చటను కావలెను. కర్ట్ వాడిన పెట్టెను కొన్నవారు లక్షలమంది కలరు. అతని వలె పలికించినవారు కొందరే. భేదము వస్తువులో లేదు.

కీర్తి, వ్యథ

కీర్తి కర్ట్‌కు సుఖమునీయలేదు. బాల్యమున తనను ఎగతాళి చేసినట్టి మొరటు జనులే ఇప్పుడు తన సభలకు వచ్చి కేరింతలు కొట్టుచున్నారని అతడు బాధపడెను. స్త్రీలను హింసించువారన్నను, జాతిభేదము పాటించువారన్నను అతనికి అసహ్యము. ఆ సంగతి బహిరంగముగా ప్రకటించెను. 1992 ఫిబ్రవరిలో కోర్ట్నీ లవ్ అను గాయనిని వివాహమాడెను. ఆ సంవత్సరమే ఆగస్టులో కుమార్తె జన్మించినది. దీర్ఘకాలపు కడుపునొప్పి అతనిని పీడించుచుండెను. దాని ఉపశమనమునకని చెప్పికొనుచు హెరాయిను అను మాదకద్రవ్యమునకు లోబడెను. నొప్పి పోలేదు, వ్యసనము మిగిలినది.

నెవర్‌మైండ్ మరీ నునుపుగా ఉన్నదని అతనికి అసంతృప్తి. కావున 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటా రాష్ట్రమందలి ఒక ముద్రణశాలలో స్టీవ్ ఆల్బినీ చేత ఇన్ యూటెరో అను సంపుటమును సుమారు రెండు వారములలో ముద్రింపజేసెను. ఆల్బినీ వాద్యములకు మెరుగులు దిద్దక, గది ప్రతిధ్వనితో సహా ఉన్నది ఉన్నట్లు పట్టెడివాడు. తన పనికి ఒక్కమారు ఇచ్చు రుసుమే చాలునని, విక్రయములో వాటా వలదని నిరాకరించిన నిష్ఠాపరుడు.

అదే సంవత్సరము నవంబరు 18న న్యూయార్కులో టెలివిజను కొరకు, విద్యుద్వాద్యములు లేకుండ జరుపవలసిన కచేరీ ఒకటి జరిగినది. కర్ట్ చెక్క గిటారుతో, ఉన్ని స్వెట్టరుతో కూర్చుండి పాడెను. ఘోష తొలగిన ఆ పాటలలో ఎంతటి సుకుమారమైన రాగభావమున్నదో లోకము అప్పుడు గ్రహించినది. అయినను అతడు తన ఆంప్లిఫయరును పూర్తిగా విడువలేదు. దానిని వేదికపై మరియొక వస్తువువలె కనబడునట్లు కప్పి దాచి, చెక్క గిటారును దాని ద్వారా పలికించెను. ఒక పాటలో ఆ గిటారు కరకుగా మ్రోగుట నేటికిని వినవచ్చును. ఆ కరకుదనము అతనికి వేషము కాదని, మాతృభాష వంటిదని దీనివలన తెలియును. ఆ కచేరీలో అతడు వాయించిన 1959వ సంవత్సరపు మార్టిన్ గిటారు 2020లో వేలమున 60 లక్షల డాలర్లకు మించి పలికినది. జీవితమంతయు చవక వాద్యములు వెదకికొన్నవాని గిటారుకు ఇంతటి వెల వచ్చుట కాలపు పరిహాసము.

1994 మార్చి 1న జర్మనీలోని మ్యూనిక్ నగరమున బృందము చివరి కచేరీ చేసినది. ఆ నెలలోనే రోము నగరమున కర్ట్ మందుల మోతాదు మించి స్పృహ కోల్పోయి ఆసుపత్రి పాలయ్యెను. స్నేహితులు, భార్య చికిత్సకు ఒప్పించిరి. చికిత్సాలయములో కొలది దినములు మాత్రమే ఉండి వెళ్లిపోయెను. ఏప్రిల్ 5న సియాటిల్‌లో తన ఇంట ఒంటరిగా ఉండి తన ప్రాణమును తానే తీసికొనెను. మూడు దినముల తరువాత, విద్యుత్పనికై వచ్చిన కార్మికుడొకడు చూచి తెలుపువరకు ఎవరికిని తెలియలేదు. అప్పటికి అతనికి ఇరువదియేడేండ్లు. కుమార్తెకు రెండేండ్లు నిండలేదు.

అనుసరింపదగినది, అనుసరింపరానిది

కర్ట్ మరణించి మూడు దశాబ్దములు దాటినవి. 2014లో నిర్వాణ బృందమునకు అమెరికా రాక్ సంగీత కీర్తిమందిరమున స్థానము లభించినది. అతని వంటి స్వెట్టరులు, అతని పేరిట గిటారులు అంగళ్లలో అమ్ముడగుచున్నవి. ఇంతవరకు మేలే. అయితే బాధయే అతని కళకు మూలమనియు, కుమిలిపోయినవానికే అట్టి నాదము పలుకుననియు ఒక అపోహ యువకులలో వ్యాపించినది. ఇది నిజము కాదు. పదునైదవ ఏట సూట్‌కేసును వాయించిన ఉత్సాహము, చవక గిటారును విప్పి చుట్టలు మార్చిన ఓపిక, ఏది ఉంచవలెనో ఏది తీసివేయవలెనో తెలిసిన చెవి, ఏండ్ల తరబడి చేసిన సాధన; ఇవియే ఆ నాదమును నిర్మించినవి. వ్యసనమును వ్యాధియు దానికి ఒక్క స్వరమైనను చేర్చలేదు. పైపెచ్చు, ఇంకను రావలసిన పాటలను రాకుండ చేసినవి.

దూరదేశమున ఒంటరి గదిలో ఉండి, పరీక్షాఫలితములకై ఎదురుచూచుచు దిగులుపడు యువకులు మన చుట్టును కలరు. దిగులు కలుగుట తప్పు కాదు, సిగ్గుపడవలసినది కాదు. దానిని ఎవరికిని చెప్పకుండుటయే ప్రమాదము. జ్వరమునకు వలెనే దానికిని వైద్యము కలదు, వైద్యుడు కలడు. తెలుగు సంఘముల వారు పండుగలకు మాత్రమే గాక, అట్టి పిల్లలను అప్పుడప్పుడు భోజనమునకు పిలిచి, వారి మాట విని, అవసరమైనప్పుడు వైద్యుని కడకు తీసికొనిపోవుట తమ బాధ్యతగా భావింపవలెను. పండుగనాడు సంఘవేదికపై వీణతోపాటు, హరికథతోపాటు వారి గిటారుకును పది నిమిషముల కాలము ఇచ్చినచో తప్పులేదు. కరకుగా తోచు ఆ ధ్వనిలో దాగియున్న పంచమమును వినుటకు పెద్దలు ఒకమారు చెవి ఒగ్గుదురు గాక. ఆ పంచమమును స్పష్టముగా పలికించుటకు పిల్లలు శ్రమింతురు గాక.